నమూనా సంతకం

మంత్రి నన్ను పిలిపించిన రోజున ఆయన బల్ల మీద నా వ్యాసాలు కత్తిరించి అతికించిన ఫైలు ఉంది. పద్నాలుగేళ్ళ తిట్లు. అన్నీ ఒకే సంస్థ మీద. గనుల్లో పనిచేసేవాళ్ళ ప్రాణాలు కాపాడతామని డెబ్బై రెండు దేశాలు కలిసి పెట్టుకున్న భద్రతా మండలి అది. కొన్ని వాక్యాల కింద ఎవరో ఎర్రగీతలు గీశారు. నేను జాగ్రత్తపడాల్సింది. ఎంత శ్రద్ధగా చదివారో అనిపించి లోపల ఎక్కడో పొంగాను. ఆ పొంగును గుర్తుపట్టాను కూడా. గుర్తుపట్టినంత మాత్రాన అది తగ్గదు.

"'పళ్ళూడిన పులి. నోట్లో పెట్టినా నమలలేదు.' ఇది మీరు రాసిందే కదమ్మా?" అన్నాడు మంత్రి.

"నేనే రాశాను."

"అందుకే మిమ్మల్ని అక్కడికి మన రాయబారిగా పంపుతున్నాం. పొగిడేవాళ్ళను పంపి పంపి విసుగెత్తింది. మీలాంటి ముక్కుసూటి మనిషి వెళితే గానీ వాళ్ళకు బుద్ధి రాదు."

అక్కడికక్కడే కాగితాలు తెప్పించారు. చివర్లో ఒక చిన్న అట్ట ఇచ్చి దాని మీద మూడుసార్లు సంతకం చేయమన్నారు. చేశాను. మామూలుగా నా సంతకం పొట్టిగా, తోక తెగిన బల్లిలా ఉంటుంది. ఆ రోజు మూడుసార్లూ చివరి అక్షరం సాగి, కింద ఒక వంపు తిరిగి, మళ్ళీ పైకి లేచింది.

ఇంట్లో అక్క మిషన్ మీద దిండు గలీబు కుడుతోంది. నేను చెప్పింది విని చక్రం ఆపింది.

"నోరు కుట్టడానికి పట్టుదారం వాడుతున్నారే. అంతే తేడా."

"తెలుసక్కా."

"తెలిసే వెళ్తున్నావా?"

"గట్టు మీద కూర్చుని ఎన్నాళ్ళు కబుర్లు చెప్పను?"

"అద్దంలో మొహం చూసుకో. కొత్త చెప్పులు కొనిచ్చిన పిల్లలా ఉన్నావు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నీకు." మళ్ళీ చక్రం తిప్పింది. "సరే, వెళ్ళు. ఉన్ని శాలువా పెట్టుకో."

తిట్టడంలో ఒక సుఖం ఉంది. తిట్టేవాడు ఎప్పుడూ తలుపు బయటే ఉంటాడు. లోపల ఏం జరిగినా వాడి చేతికి మరక అంటదు. నన్ను ధైర్యవంతురాలన్నవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు. అయినా పద్నాలుగేళ్ళు ఆ తలుపు బయటే కాలక్షేపం చేశాను.

మంగళవారం మండలి ఉన్న ఊరు చేరుకున్నాను. మా కార్యాలయం కళ్ళద్దాల దుకాణం మీద, నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు మూడు దాకానే వెళుతుంది. ఉప రాయబారి మెట్ల మీద ఎదురొచ్చి నా పెట్టె అందుకున్నాడు. మెత్తటి మనిషి. మాటకు ముందు కోటు గుండీ పెట్టుకుంటాడు, మాటయ్యాక తీస్తాడు.

"సోమవారం మీరు నియామక పత్రాలు సమర్పిస్తారు మేడమ్. అప్పటిదాకా మీరు మా అతిథి. ఊరు చూడండి, నిద్రపోండి."

"ఈ వారం మండలిలో ఏం నడుస్తోంది?"

గుండీ పెట్టుకున్నాడు. "చిన్న ముసాయిదా. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మౌనం ముగుస్తుంది."

మండలి పద్ధతి అది. ముసాయిదాను అన్ని దేశాలకూ పంపి ఒక గడువు పెడతారు. ఆ గడువులోగా ఏ దేశమూ కాదని ఉత్తరం రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. చర్చ ఉండదు, ఓటు ఉండదు. ఒక్క దేశం రాసినా మాత్రం రెండూ పెట్టక తప్పదు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దవాళ్ళన్నారు. వాళ్ళు సగమే ఇచ్చారు. మండలి మిగతా సగం కూడా లాక్కుంది.

ముసాయిదా ఒకటిన్నర పేజీ. మండలి ఇన్‌స్పెక్టర్లు ఇకమీదట తనిఖీకి పద్నాలుగు రోజుల ముందే గని యజమానికి తెలియజేయాలి.

"మన వైఖరి?" అన్నాను.

"మౌనం మేడమ్." అతని గొంతులో ఎగతాళి లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. "అయినా మీరే రాశారు కదా, దీనికి పళ్ళే లేవని. లేని పళ్ళు పీకితే ఎవరికి నొప్పి చెప్పండి?"

ఆ ఎర్రగీతలు ఎందుకు గీశారో అప్పుడు అర్థమైంది. రేపెవరైనా అడిగితే, ఇంత కటువుగా విమర్శించే మనిషే అక్కడ కూర్చుని అభ్యంతరం చెప్పలేదు కదా అనడానికి నేను కావాలి. నిజానికి ఆ పులికి ఒక్క పన్ను మిగిలి ఉంది. చెప్పకుండా వెళ్ళి తనిఖీ చేసే హక్కు. పద్నాలుగేళ్ళలో ఆ పన్ను గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. రాస్తే తిట్టు పదును తగ్గుతుందని.

రాయకపోవడానికి ఇంకో కారణం ఉంది.

పదిహేనేళ్ళ క్రితం నేను గనుల ఇన్‌స్పెక్టరును. ఒక గనికి కబురు పెట్టి మరీ తనిఖీకి వెళ్ళాను, మా పై అధికారి అలాగే వెళ్ళమన్నాడు. సొరంగంలో కప్పుకు దన్నుగా కొత్త దుంగలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చెక్క వాసన ఇంకా పోలేదు. నా పక్కన నడుస్తున్న మేస్త్రీ దీపం దించి, పెదవులు కదపకుండా అన్నాడు: "ఇవి మీరు చూడ్డానికి పెట్టినవమ్మా. మీరు పైకెళ్ళగానే ఇవీ పైకెళ్తాయి."

ఆ మాట నివేదికలో రాశాను. పై అధికారి కొట్టేశాడు. సమావేశంలో నివేదిక చదివి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని చుట్టూ చూశాడు. నేను గ్లాసులో నీళ్ళ వైపు చూశాను. నీళ్ళ మీద ఫ్యాను నీడ తిరుగుతోంది. ఆయన పెన్ను మూత పెట్టిన చప్పుడు వినిపించింది. అంతే, అయిపోయింది. నాలుగు నెలల తర్వాత కప్పు కూలింది. పదకొండు మంది. వాళ్ళలో మేస్త్రీ ఒకడు.

ఉద్యోగం మానేశాను. నిరసనగా మానేశానని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. నాకు నోరు వచ్చింది ఆ తర్వాతే. ఆ కాసేపటి మౌనం మీద పద్నాలుగేళ్ళుగా మాటలు పోస్తూ వచ్చాను, గోతిలో మన్ను పోసినట్టు.

ఏ గనికి వెళ్ళినా నేను ముందు కిందికి దిగేదాన్ని కాదు. దీపాల గదికి వెళ్ళి, మనిషికొకటి చొప్పున ఆ రోజు ఎన్ని దీపాలు లోపలికి వెళ్ళాయో రిజిస్టరు చూసేదాన్ని. మనుషులు అబద్ధమాడతారు, దీపాల లెక్క ఆడదు. బుధవారం ఉదయం ఆ అలవాటుతోనే రికార్డుల గుమాస్తాను బయటికి వెళ్ళిన ఉత్తరాల రిజిస్టరు అడిగాను. నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతాడని ఆయన్ను అందరూ తాళాలాయన అంటారు. రిటైరవడానికి ఏడాది లేదు.

చివరి పేజీలో ఒక వరస దగ్గర ఆగాను. 'కొత్త రాయబారి నమూనా సంతకం కార్డు. మండలి కార్యాలయానికి. అందినది.'

"ఇదేమిటండీ?"

"మీ సంతకమేనమ్మా. అక్కడ మూడుసార్లు పెట్టి పంపారు చూడండి. మండలికి మన పేర ఏ ఉత్తరం వెళ్ళినా సంతకాన్ని దానితో పోల్చి చూసుకుంటారు. సరిపోతే తీసుకుంటారు."

"నేనింకా పత్రాలు ఇవ్వలేదు కదా?"

"పత్రాలు కుర్చీలో కూర్చోడానికమ్మా. ఉత్తరానికి కార్డు చాలు. మామూలుగా పత్రాలయ్యాకే కార్డు పంపుతాం. ఈసారి పైనుంచి ఒకటే తొందర. పేపర్లో వేయించాలి, ఆవిడవన్నీ వెంటనే పంపేయండి అన్నారు. అన్నీ అంటే అన్నీ పంపేశాను."

"పాత రాయబారి కార్డు?"

"తీసేశారు. దేశానికి ఒకటే కార్డు. మళ్ళీ మార్చాలంటే వాళ్ళ కమిటీ కూర్చోవాలి. మూడు వారాల మాట."

ఆయన మొహంలోకి చూశాను. అది అమాయకత్వమో, చాలా ఏళ్ళుగా తొడుక్కుని అరిగిపోయిన అమాయకత్వమో తెలియలేదు. రిజిస్టరు మూసి, దుమ్ము తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

గురువారం ఉత్తరం రాశాను. మూడు పేజీలు వచ్చింది. ప్రతి వాక్యమూ కరిచేదే. చదువుకుంటుంటే చప్పట్లు వినిపించాయి. ఎక్కడివా చప్పట్లని చూసుకుంటే నావే. చింపేశాను. ఒక్క వాక్యం మిగిల్చాను: 'ఈ ముసాయిదాకు మేము ఒప్పుకోవడం లేదు, దీన్ని బహిరంగంగా చర్చించాలి.'

శుక్రవారం పదకొండు దాటాక శాలువా కప్పుకుని మండలి భవనానికి నడిచాను. ఉత్తరాల కౌంటరులో ఉన్నావిడ కాగితం తీసుకుని, పెట్టెలోంచి నా కార్డు లాగి రెండూ పక్కపక్కన పెట్టింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది మీ సంతకం కాదు."

చూశాను. ఉత్తరం మీద నా పొట్టి సంతకం, తోక తెగిన బల్లి. కార్డు మీద ఆ వంపులు తిరిగిన సంతకం, మంత్రి గదిలో పొంగిపోయిన ఆడమనిషిది.

"నా ముందు మళ్ళీ చేయండి," అంది. గోడ గడియారంలో పదకొండూ నలభై.

మొదటిసారి మళ్ళీ ఆ పొట్టి బల్లే వచ్చింది. రెండోసారి తోక రాలేదు. కళ్ళు మూసుకుని ఆ గది గుర్తుచేసుకున్నాను. ఎర్రగీతలు, ఆ కుర్చీ మెత్తదనం, 'మీలాంటి మనిషి' అన్న మాట దగ్గర నా ఛాతీలో లేచిన పొంగు. పద్నాలుగేళ్ళు దాన్ని చూసి సిగ్గుపడ్డాను. రావే, ఇవాళ నీతో పనుంది అన్నాను దానితో. వచ్చింది. చివరి అక్షరం సాగి, వంగి, పైకి లేచింది.

ఆవిడ పోల్చి చూసి, ముద్ర వేసి, చర్చ వచ్చే బుధవారమని రాసి రసీదు ఇచ్చింది. పదకొండూ నలభై ఆరు.

నేను నాలుగో అంతస్తు ఎక్కేసరికి కబురు నాకంటే ముందే ఎక్కింది. ఉప రాయబారి కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు, ఒకటి కిందికి, ఒకటి పైకి.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల మేడమ్?"

"గనిలోకి దిగేవాళ్ళకు ఆ సామెత చెప్పకండి."

ఫోను చేతిలో పెట్టాడు. మంత్రి.

"ఎవర్నడిగి రాశారమ్మా?"

"ముక్కుసూటి మనిషి కావాలన్నారు కదండీ. సూటిగా వెళ్ళి ఇచ్చి వచ్చాను."

"వేళాకోళాలొద్దు. వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో ఉత్తరం రాయండి. ఇప్పుడే."

"రాయను."

"అయితే ఇవాళే తీసేస్తున్నాను మిమ్మల్ని!"

"తీసెయ్యండి. నా కార్డు తీయాలంటే మూడు వారాలు పడుతుంది. చర్చ వచ్చే బుధవారం మొదలవుతుంది. ఆ రోజు అందరూ ముసాయిదాకే ఓటేస్తారేమో. వేయనివ్వండి. కానీ నోరు తెరిచి, పేరు చెప్పి వేయాలి. మీరు కూడా."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. జీవితంలో మొదటిసారి ఆ నిశ్శబ్దం నాది కాదు. ఫోను పెట్టేశాను.

అక్క సాయంత్రం దాకా ఆగలేదు, పావుగంటలో ఫోను చేసింది. "రేడియోలో చెప్పారు. ఎన్నాళ్ళు చేశావే ఉద్యోగం?"

"నాలుగు రోజులు."

"కుర్చీలో కూర్చున్నావా?"

"లేదు."

"పోనీలే. చెప్పులు అరగకుండా తిరిగొస్తున్నావు."

"ఇప్పుడే రానక్కా. ఇంకో ఉత్తరం ఉంది."

తాళాలాయన అడగకుండానే తెల్ల కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, రిజిస్టరులో కొత్త వరస కోసం గీత గీసుకుని నిలబడ్డాడు. బుధవారం చర్చలో నన్ను మాట్లాడనివ్వరు. ఉత్తరం మాత్రం మండలి చదవక తప్పదు. కార్డు ఉంది.

మేస్త్రీ మాటతో మొదలుపెట్టాలనుకున్నాను. కానీ దానికంటే ముందు రాయాల్సింది ఒకటి ఉంది. రాశాను: 'ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు మూసుకున్నాను.'