చీలికంత చోటు

మా ఆవిడా నేనూ ఒకే ఆఫీసులో, ఒకే ఫోను మీద పనిచేస్తాం. యాంటెన్నా ఆమెది, సర్క్యూట్ బోర్డు నాది. ఇంట్లో అరల కోసం పోట్లాడుకుంటాం, ఆఫీసులో మిల్లీమీటర్ల కోసం. ఇంట్లో ఎప్పుడూ ఆమే గెలుస్తుంది కాబట్టి ఆఫీసులో నేను పరమ పిసినారిని. బోర్డు మీద గోరంత చోటు కావాలన్నా నన్ను బతిమాలుకోవాల్సిందే.

ఆ ఫోను అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. పైకి ఎవరితోనూ అనలేదు గానీ, మేమిద్దరం దాన్ని మా అమ్మ కోసమే చేస్తున్నాం. పక్షవాతం వచ్చి తగ్గాక అమ్మ కుడిచేతికి పట్టు సరిగా రాలేదు. పలకల్లాంటి ఈనాటి ఫోన్లు జారిపోతాయి. రెండు పగిలేసరికి ఆవిడ ఫోను ముట్టుకోవడమే మానేసింది. గోడ అవతలి పక్కింటావిడతో కూడా ఫోనులోనే అరగంట కబుర్లు చెప్పే మనిషి, కిటికీ దగ్గర నోరు కట్టేసుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

చిన్న ఫోనుకి చిన్న యాంటెన్నా కావాలి. చిక్కంతా అక్కడే. నెట్‌వర్కులు రకరకాల బ్యాండ్ల మీద, అంటే వేర్వేరు పొడవుల రేడియో తరంగాల మీద నడుస్తాయి. యాంటెన్నా పొట్టిదయ్యేకొద్దీ అది అందుకునే బ్యాండ్లు తగ్గిపోతాయి. పైగా పట్టుకున్న చెయ్యి దాని శ్రుతిని పక్కకి లాగేస్తుంది. అమ్మలా పిడికిలి బిగించి పట్టుకున్నా పనిచెయ్యాలంటే అది అందుకునే మేర అటూ ఇటూ బాగా వెడల్పు ఉండాలని మా ఆవిడ పంతం. ఈసారీ కుదరకపోతే మామూలు సైజు ఫోనే చేద్దామని మా హెడ్డు తేల్చేశాడు.

ఒక మధ్యాహ్నం ఆమె నా సీటు దగ్గరికొచ్చి, యాంటెన్నాని కొలిచే యంత్రం దగ్గరికి నన్ను లాక్కుపోయింది. కేబుల్ తగిలించి యాంటెన్నాకి పంపిన శక్తిలో ఎంత తిరిగొచ్చేస్తోందో ఆ యంత్రం తెర మీద గీత గీసి చూపిస్తుంది. గీత ఎంత మేర కిందికి దిగి ఉంటే అంత మేర బ్యాండ్లు మనవి. ఆ రోజు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దిగే ఉంది. ఆఫీసంతా మిఠాయి పంచాం. నేను బోర్డు పని ముగించి, తయారీకి పంపడమే తరువాయి అన్నాను.

మిఠాయి ముట్టనివాడు చాదస్తం ఒక్కడే. పరీక్ష గది చూసుకునే ఆయన్ని అందరం అలాగే పిలుస్తాం. కేబుల్ లేకుండా కొలిచాకే తింటానని పొట్లం పక్కన పెట్టాడు. నమూనా ఫోనులో బ్యాటరీతో నడిచే చిన్న సిగ్నల్ పెట్టె బిగించి, గోడలనిండా తరంగాల్ని మింగేసే నల్ల స్పాంజి ఉన్న గదిలో తిప్పి తిప్పి కొలిచాడు. సగం బ్యాండ్లు చచ్చిపడ్డాయి.

మా ఆవిడ నమ్మలేదు. మళ్లీ యంత్రానికి కేబుల్ తగిలించి చూస్తే గీత నిక్షేపంగా ఉంది. విసుగొచ్చి ఆమె కేబుల్‌ని పిడికిట్లో పట్టుకుంది. గీత వణికింది. యాంటెన్నాని ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడు తెలిసింది, కేబుల్ లోహపు తొడుగు మీద కూడా కరెంటు పారుతోందని. ఇన్నాళ్లూ పలికింది మా యాంటెన్నా ఒక్కటే కాదు, దాన్ని కొలవడానికి తగిలించిన బారెడు కేబుల్ కూడా. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆమె వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మే గుర్తొచ్చింది. గోళ్లు కొరుక్కుంటూ ఆమే అంది.

"కేబుల్ చేసిన పని మీ బోర్డు చేస్తుంది. అడుగున రాగి పొర ఉందిగా, దాని అంచులో ఒక సన్నటి చీలిక కొయ్యనివ్వండి. కరెంటు చుట్టు తిరిగి పోతుంది, దారి పొడుగవుతుంది, పొట్టి బోర్డే ఆ పొడుగు కేబుల్‌లా పలుకుతుంది."

ఆమె చూపించిన చోటునుంచే ఛార్జింగ్ తీగలన్నీ పోతున్నాయి. అంటే సగం బోర్డు మళ్లీ మొదటికి. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో అరలన్నీ నీవే, ఇక బోర్డు కూడా రాసిచ్చెయ్యమంటావా అన్నాను.

"నాకోసం కాదండీ. అత్తయ్య చేతిలో పట్టాలి."

సణుక్కుంటూనే బోర్డు తెరిచాను. ఒక తీగ జరిపితే ఇంకోటి అడ్డం వచ్చేది. ఆమె పక్కన కూర్చుని చీలికని కాస్త వంచమనేది, కాస్త పొడిగించమనేది. మధ్యలో రెండుసార్లు మాటలు కూడా మానేశాం. ఎలాగైతేనేం, కొత్త నమూనా పరీక్ష గదిలోకి వెళ్లింది.

చాదస్తం బయటికొచ్చాడు. సొరుగు లాగి, ఆనాటి పొట్లం విప్పి, మిఠాయి కొరికాడు.

"గట్టిపడిపోయింది" అన్నాడు, నములుతూ.

మా ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి.

మొదటి విడతలో వచ్చిన ఫోనొకటి అమ్మ ఒళ్లో పెట్టాం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదీ పగులుతుందిలే అన్నట్టు దిండు కింద దాచేసింది. మేం బలవంతం చెయ్యలేదు.

మర్నాడు ఆఫీసులో తరువాతి ఫోను గురించి మాకు మళ్లీ యుద్ధం. ఈసారి ఆమెకి అంచున ఒక మిల్లీమీటరు కావాలట. చచ్చినా ఇవ్వనంటున్నాను. అంతలో నా ఫోను మోగింది.

"ఒరేయ్, పంచదార డబ్బా పై అరలో పెట్టిందెవర్రా? నాకు అందద్దూ?"

ఏ చేత్తో పట్టుకున్నావమ్మా అని అడిగాను.

"కుడిచేత్తోనే. గట్టిగా గుప్పిట్లో పట్టుకున్నాలే, జారదు. అది సరేగానీ, పక్కింటావిడ ఏం చేసిందో విన్నావా?"

మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. అమ్మ అరగంట చెప్పింది. ఒక్క మాట కూడా తెగలేదు. పెట్టేశాక, మా ఆవిడకి ఆ మిల్లీమీటరు ఇచ్చేశాను.