గ్రీబయ్య దొర వీరమరణం

హజరత్తయ్య కథలో కత్తి దూసినవాడు ఎవడూ ఇంటికి తిరిగొచ్చింది లేదు. అతను చెప్పే బుర్రకథలన్నీ అంతే. వీరుడు పుడతాడు, పెరుగుతాడు, పోరాడతాడు, పోతాడు. పోయేచోట ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడవాలి. ఏడవకపోతే ఆ పూట హజరత్తయ్యకు అన్నం సహించదు.

అలాంటి మనిషిని, పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, సముద్రపొడ్డున ఉన్న మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ పిలిపించి తన తాత కథ చెప్పమంది. ఆవిడది జర్మనీ. వచ్చి ముప్పై ఏళ్లు కావడంతో, తెలుగు మాట్లాడితే గూడూరు సంతలో నిమ్మకాయలు బేరమాడినట్టే ఉంటుంది. తాతగారి ఇల్లు అమ్మి ఇక్కడ కాన్పుల వార్డు కట్టించింది. ఆ వార్డు తెరిచే సాయంత్రం ఆయన జీవితం ఊళ్లోవాళ్లకు తెలియాలని ఆవిడ కోరిక. ఆయన అక్కడి ప్రష్యా రాజ్యపు సైన్యంలో జనరల్ అట!

జనరల్ అనగానే హజరత్తయ్య చేయి మీసం మీదికి పోయింది. టూరింగు టాకీసులొచ్చాక అతన్ని పిలిచే నాథుడు లేడు మరి. వంత పాడే ఇద్దరూ, చెంచయ్య, సమాధానం అనేవాళ్లు, ఈ మధ్యే మొహాన చెప్పేశారు.

"అన్నా, ఇంకొక్కసారి జనం కథ మధ్యలో లేచిపోతే మావల్ల గాదు. గుమ్మెటలు గోడకి తగిలించి గూడూరు నిమ్మకాయల మండీలో చేరతాం," అన్నాడు చెంచయ్య.

వంతలు లేని బుర్రకథ ఎక్కడైనా ఉందా? ఒక్కడే నిలబడి తందాన తాన అంటే పిచ్చోడంటారు.

తీరా వంతలతో కలిసి కూర్చుని తాతగారి చరిత్ర వింటే హజరత్తయ్య నెత్తిన పిడుగు పడింది. పేరు గ్రీబెన్‌హోల్ట్స్. ఏ దరువులోనూ ఇమడదు గనక గ్రీబయ్య దొర అని దిద్దుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. దొర కుర్రతనంలోనే సైన్యంలో చేరాడు. గుర్రాలకు గడ్డి, సిపాయిలకు రొట్టె, బూట్లకు మేకులు చూసుకుంటూ చూసుకుంటూ జనరలయ్యాడు. ఆనక బాతులు పెంచుకుని, ముసలివాడై మంచంలో పోయాడు.

"మరి యుద్ధమో అమ్మా?"

"ఫ్రెంచివాళ్లతో జరిగింది. తాతకి అప్పటికి పెళ్లి గూడా కాలా. రొట్టెల బండ్లు తోలుకుపోయేసరికి అంతా అయిపోయిందంట."

"ఒక్క కత్తిపోటన్నా..."

"లేదయ్యా. ఆయనకి చచ్చిందాకా అదే దిగులు. ఆ యుద్ధం జేసిన ముసలి సిపాయిలు బ్యాండు వాయించుకుంటా వీధిలో పోతే కిటికీ మూసేసేవాడు." డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. "నువ్వు మాత్రం అబద్ధాలు చెప్పబాక. ఉన్నదున్నట్టు చెప్పు."

సరేనన్నాడు. అనక చస్తాడా!

వార్డు ముందు చాపలు పరిచారు. పడవలవాళ్లు, పొలాలవాళ్లు పిల్లాజెల్లాతో దిగారు. ముందు వరసలో కుర్చీలో డాక్టరమ్మ. హజరత్తయ్య తంబురా భుజానేసుకుని ఉన్నదున్నట్టే మొదలుపెట్టాడు. గ్రీబయ్య దొర గడ్డి మోయించాడు, తందాన తాన. రొట్టె కాల్పించాడు, తందాన తాన. మేకులు కొట్టించాడు. గడ్డి మళ్లీ మోయించాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి చాప చుట్టుకుంది. ఆమెను చూసి ఇంకో నలుగురు లేచారు. చెంచయ్య గుమ్మెట వాయిస్తూనే హజరత్తయ్యకేసి ఒక చూపు చూశాడు. నిమ్మకాయల మండీ ఆ చూపులోనే కనబడింది.

ఛీ, ఈ గడ్డి నా కొంప తీసేటట్టుంది అనుకున్నాడు హజరత్తయ్య. అంతే, తంబురా కత్తయింది! గ్రీబయ్య దొర రొట్టెల బండి మీంచి ఒక్క దూకు దూకి గుర్రమెక్కాడు. "ఒరే ఫ్రెంచోడా, కాచుకో!" అన్నాడు. లేచినవాళ్లు లేచినచోటే చతికిలబడ్డారు. సమాధానం గుమ్మెట ఉరిమింది. హజరత్తయ్యకు ఒళ్లు తెలియలేదు. కత్తి దూశాక అతని నాలుకకు తెలిసిన దారి ఒకటే. గుండు వచ్చి దొర రొమ్మున తగిలింది. దొర "అమ్మా" అని నేలకొరిగాడు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. పెద్దనర్సు మగ్దలీనమ్మ తల మీది తెల్లటోపీ తీసి మరీ కళ్లు ఒత్తుకుంది.

వంతగాడు మధ్యలో అనుమానం అడగాలి, అది ఆనవాయితీ. చెంచయ్య అలవాటుగా అడిగేశాడు.

"అంతా బాగుండాది గానీ అన్నా, దొరకి అప్పటికి పెళ్లి గూడా కాలేదే! మరి మన డాక్టరమ్మ యాడనించి వచ్చినట్టు?"

జనమంతా ముందు వరసకేసి తిరిగారు. హజరత్తయ్య భుజాన ఉన్న తంబురా దించేశాడు. అయిపోయింది, కథా పోయింది, వంతలూ పోయారు.

డాక్టరమ్మ లేచి నిలబడింది. కళ్లద్దాల కింద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"అబద్ధం చెప్పబాక అన్నాను గదయ్యా."

"తప్పయిపోయిందమ్మా."

"మా తాత బతికినన్నాళ్లూ కిటికీ మూసుకున్నాడు. ఈ పొద్దు యుద్ధం చేసినాడు. ఇంతమంది చూసినారు." ముక్కు చీదుకుని వార్డు తలుపుకేసి చేయి చూపింది. "సరే, చంపినావు, బాగుంది. ఇంక లేపు ఆయన్ని. పెళ్లి గావాల, మా అమ్మ పుట్టాల, నేను పుట్టాల. ఈ వార్డు కట్టాల. లే, కానీ!"

హజరత్తయ్య ఇంకా నోరు తెరవనేలేదు, చెంచయ్య గుమ్మెట మీద దెబ్బ వేశాడు. సమాధానం కూడా తన గుమ్మెటతో అందుకున్నాడు. చాప చుట్టుకున్న ముసలమ్మ దాన్ని మళ్లీ పరిచి, అందరికంటే ముందుకు జరిగి కూర్చుంది. హజరత్తయ్య తన బతుకులో మొదటిసారి, చచ్చిన వీరుణ్ణి చేయి పట్టి లేపి, మట్టి దులిపి, ఇంటికి పంపాడు.