పోయని సీసా

బిర్సానగర్ తెలుగు బడిలో పన్నెండేళ్లుగా సైన్సు చెబుతున్న జయమణి టీచరుకు, నిరుడు టీచరుగా చేరిన పద్మకుమారి అంటే అస్సలు గిట్టదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఆ పిల్ల వెంట వరండా అంతా కబుర్లాడుతూ తిరుగుతుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. తన వెనక ఒక్కరైనా ఎప్పుడన్నా అలా నడిచారా?

డెబ్బైతొమ్మిది జనవరి. పొద్దున్నే చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆ రోజు పద్మకుమారి పాఠం వినడానికి హెడ్మాస్టరు సోమేశ్వరరావు వస్తున్నారు. ఆమె అడిగిన సీసాలన్నీ బీరువాలోంచి తీసిస్తూ జయమణి గమనించింది, ఎసిటిక్ యాసిడ్ గడ్డకట్టి ఉంది. చెప్పాలనిపించింది. చెప్పలేదు. వెళ్లి హెడ్మాస్టరు పక్కనే వెనక బెంచీలో కూర్చుంది.

"ఉప్పు, మైలుతుత్తం అయానిక పదార్థాలు. ఇలాటివి గది ఉష్ణోగ్రతలో ఘనంగానే ఉంటాయి" అంది పద్మకుమారి. "అణువులతో అయినవి అలా కాదు. కర్పూరం ఘనం, స్పిరిట్ ద్రవం. ఈ యాసిడ్ కూడా ద్రవమే, చూడండి."

సీసా వంచింది. చుక్క రాలలేదు. మళ్లీ వంచింది.

"యే తో పత్థర్ హై!" అని ఓ పిల్ల కిసుక్కుమంది. జయమణి సంతోషంగా హెడ్మాస్టరు వైపు ఓరగా చూసింది.

పద్మకుమారి కూడా నవ్వేసింది. "ఇదేటమ్మా, రాయైపోనాది! ఎందుకో నాకు తెల్దు. జయమణక్కకి తెలుసుంటాది. అక్కా, ఓపాలి ఇలాగొచ్చి సెప్తారేటి?"

లేవక తప్పలేదు. "ఉప్పులో ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునుంటాయి. కరగాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కావాలి. అణువుల మధ్య పట్టు వదులు. పదిహేడు డిగ్రీలు దాటితే ఈ యాసిడ్ ద్రవం, తగ్గితే ఘనం. ఇవాళ మన గదే చల్లగా ఉంది." వేడినీళ్లు తెప్పించి సీసాను ఆ గిన్నెలో నిలబెట్టింది. అంచు దగ్గర మొదలై గడ్డ మెల్లగా కరిగింది. పిల్లలు బల్ల చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు.

బయటికొస్తూ హెడ్మాస్టరు అన్నారు: "బాగా చెప్పారు జయమణిగారూ. కానీ పిల్లల ముందు తెలీదని అంత తేలిగ్గా అనడం, ఆ అమ్మాయికెలా చేతనయిందండీ!"

మధ్యాహ్నం పద్మకుమారి ఒంటరిగా కనిపిస్తే జయమణి ఆగలేకపోయింది. "పొద్దున్నే చూశాను. కావాలనే చెప్పలేదు."

"అనుకున్నానక్కా. సీసా ఇచ్చింది మీరే కదేటి" అందామె, టిఫిను డబ్బా మూత తీసి ముందుకు జరుపుతూ. "తినండి."

ఆ గొంతులో కోపమన్నది లేదు. జయమణి ఒక ముద్ద తీసుకుంది. ఆ పిల్ల మీద అసూయ పొద్దుటికంటే ఎక్కువైంది.