కుత్తూసి గుచ్చని బస్తా

బెండకాయ కొన విరవనిదే కొనని మనిషి, అమ్మేవాడి ముందుగదిలో సోఫా శుభ్రంగా ఉందని కుక్కపిల్లని కొనుక్కొచ్చాడు. వెంకటపతి మీద ఆయన భార్య కనకవల్లి మూడు రోజులుగా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్తున్న ఫిర్యాదు ఇది. ఇస్త్రీ అతనికి రెండుసార్లు చెప్పింది.

పప్పుల మండీలో వెంకటపతి పని బస్తాలు పరీక్షించడం. ముప్పై ఏళ్ళుగా అదే. కుత్తూసి అనే బోలు ఇనుప ఊచను బస్తా నడుముకు గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పట్టి, ఒకటి కొరికి, "పుచ్చు" అంటాడు. లేకపోతే ఏమీ అనడు. బస్తా మూతి దగ్గర ఎవడైనా మంచి గింజలే పోస్తాడని కొత్తవాళ్ళకు చెప్పేది ఆయనే.

ఆ రోజూ పదకొండు దాకా గుచ్చుతూనే ఉన్నాడు. కనకవల్లి ఫోను చేసింది.

"ఏమండీ, కుక్కపిల్లకి మళ్ళీ నెత్తురు పడతా ఉండాది. తల్లికి టీకాలేసినారా అని డాక్టరు అడగతా ఉండాడు. పోయి ఆ తల్లిని చూసి రాండి. ఆ పొద్దే చూడమంటి గదా!"

వ్యాసర్పాడిలో కుక్కపిల్లని కొన్న ఇంటి ముందుగది మొన్నటిలాగే ఉంది. సోఫా, అగరొత్తులు, గోడకు సర్టిఫికెట్లు. కుక్కపిల్లల్ని అమ్మే సెంథిల్ నవ్వుతూ లేచాడు.

"తల్లి ఊర్లో ఉండాది సార్. రెండు దినాలు గ్లూకోస్ తాపండి, సరిపోతాది."

అగరొత్తుల కింద ఇంకో వాసన ఉంది. మొన్నా వచ్చింది, కుక్కలున్న ఇల్లు కదా అనుకున్నాడు. ఇవాళ ముక్కే ఆయన్ని వెనక తెర దాకా నడిపించింది. తెర లాగాడు.

ఒకదానిమీద ఒకటిగా మూడు వరుసల పంజరాలు. పైదాని మలం కిందిదాని వీపు మీద కారి అట్టకట్టింది. నీళ్ళగిన్నెలో పాచి, పాచి మీద ఈగలు. అట్టడుగున ఒక ఆడకుక్క. తాను కొన్న పిల్లలాగే తెల్లదని చెవుల వెనక చూస్తేనే తెలుస్తోంది. చన్నులు కమ్మీల మీద వేలాడుతున్నాయి. గోళ్ళు వంకర తిరిగి కమ్మీల సందుల్లో ఇరుక్కున్నాయి. పక్కన బల్ల మీద, పౌడరు పూసి ఎర్ర రిబ్బను కట్టిన ఇంకో పిల్ల అమ్మకానికి సిద్ధంగా ఉంది.

ఆడకుక్క ఆయన వేళ్ళు నాకింది. ఆయన చెయ్యి లాక్కుని చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఊరంటే ఇదేనా అప్పా?"

సెంథిల్ తెర మూసేశాడు.

వెంకటపతి ఇంటికొచ్చేసరికి పాత చీరముక్కలో కదలని చిన్న మూట. పక్కన పదేళ్ళ కూతురు నివేదిత. కనకవల్లి ఈసారి ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. చేసుంటే బాగుండేది.

ఆయన చెప్పులు విప్పకుండానే నేలమీద కూలబడ్డాడు.

"మీ అమ్మ చెప్తానే ఉండె పాపా. నాకు తెలీదా అంటి. తల్లిని చూడకుండా తెచ్చినా. తప్పు నాదే."

గడప దగ్గర, పిల్లతో పాటు వచ్చిన ఎర్ర రిబ్బను పడి ఉంది. ఇంకా పౌడరు వాసన వేస్తోంది.