మేడమీద నూట ఇరవై ఎనిమిది

మా ఆయనకి బీపీ నేను చూస్తే నూట అరవై. మేడమీద మృదుల చూస్తే నూట ఇరవై ఎనిమిది. ఈ సంగతి గడప దాటకుండా ఉంటే ఎలాగో సర్దుకునేదాన్ని. ఈయన వెళ్ళి రైసు మిల్లులో కూడా చెప్పుకున్నారు. "మా మేడమీద అమ్మాయి హస్తవాసి మంచిదండీ" అన్నారట. పక్కింటి వరమ్మగారి భర్త పనిచేసేదీ అదే మిల్లులో కాబట్టి సాయంత్రానికల్లా ఆ మాట నా చెవిన పడింది. పెళ్ళయిన దగ్గర్నించీ వండి వారుస్తున్న నా చేతికి ఏ వాసి ఉందో ఈయన ఎవరితోనైనా అన్నట్టు నేనింతవరకూ వినలేదు.

మృదుల మా మేడమీద అద్దెకుంటోంది. వాళ్ళాయన హర్షవర్ధన్ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ముప్పై దాటని పిల్ల. ఈయన్ని బాబాయిగారూ అంటుంది, నన్ను పిన్నిగారూ అంటుంది. వేరే అనుమానాలు పెట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాదు నేను. అయినా కుళ్ళు కుళ్ళే. కడుపులో పుట్టాక దానికి కారణాలతో పనిలేదు.

ఇదంతా వేసవిలో మొదలైంది. మిల్లులో లెక్కలు చూస్తూ ఛాతీ బరువుగా ఉందన్నారు. ఏలూరు తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఈసీజీ, మిగతా పరీక్షలు చేయించి, ప్రస్తుతానికి గుండెకి భయం లేదుగానీ బీపీని ఇలాగే వదిలేస్తే అది గుండెకే ఎసరు పెడుతుందన్నారు. ఉప్పు తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు, పొద్దున పూట ఒక మాత్ర రాశారు. ఒక మిషను కొనుక్కుని ఇంటి దగ్గర చూసుకోమన్నారు.

"నా దగ్గర వచ్చే నంబరు కన్నా మీ ఇంట్లో వచ్చే నంబరే నాకు ముఖ్యమండీ. తగ్గకపోతే వచ్చేసారి రెండో మాత్ర కలుపుదాం" అన్నారు.

ఇంటికొచ్చి ఆవకాయ జాడీ అటకెక్కించాను. అప్పడాలు, వడియాలు ఇంట్లోంచి పంపించేశాను. పప్పులో ఉప్పు సగానికి కోసేసి ఆ చప్పిడి తిండే నేనూ తిన్నాను. ఈయన మెత్తటి మనిషి, మాట్లాడకుండా తిన్నారు. మాత్ర నేనే చేతిలో పెట్టి మంచినీళ్ళు ఇచ్చేదాన్ని. ఇంత చేస్తే నా చేతిలో నూట అరవై.

ఒకరోజు మిషనులో బ్యాటరీలు అయిపోయాయి. మృదుల దగ్గర మిషను ఉంది కదాని ఈయన మేడెక్కారు. పరీక్ష పాసైన కుర్రాడిలా దిగొచ్చారు. మర్నాడు కొత్త బ్యాటరీలు వేశాక కూడా "ఊరికే ఒకసారి చూపించుకొస్తానే" అని మళ్ళీ ఎక్కారు. ఇక అదే అలవాటైపోయింది. కింద నా దగ్గర నూట అరవై, పైన ఆవిడ దగ్గర నూట ఇరవై ఎనిమిది, మహా అయితే నూట ముప్పై.

తప్పు మిషనుదేమోనని మృదుల మిషను అడిగి కిందకి తెచ్చాను. అందులోనూ నా దగ్గర నూట అరవై రెండు వచ్చింది. అది చూశాక నాకు అన్నం సయించలేదు. లోపం మిషనులో లేదన్నమాట. నేను దగ్గరికొస్తే ఈ మనిషి నెత్తురు మరిగిపోతోంది. ఇన్నేళ్ళ కాపురంలో నా పక్కన ఈయనకి మనశ్శాంతే లేదా? సోమవారం మళ్ళీ ఏలూరు వెళ్ళాలి. డాక్టరుగారికి ఏ నంబరు చెప్పాలి? నాది చెబితే రెండో మాత్ర. ఆవిడది చెబితే నా పరువు.

పోనీ నేనేమన్నా మొరటుగా చూస్తానా అంటే, అదీ లేదు. స్నానం కాగానే కుర్చీలో కూర్చోబెడతాను. చేతికి పట్టీ చుడతాను. ఈయన పొద్దున మిల్లుకి పోతే చీకటి పడ్డాక గానీ రారు, వచ్చాక టీవీ, ఆపైన నిద్ర. పట్టీ చుట్టిన ఆ కాసేపే మనిషి ఎటూ పోలేడు. అందుకని పనిమనిషి నాగాలు, మునిసిపాలిటీ నీళ్ళు, మా తమ్ముడు ఫోనులో అన్న మాటలు అన్నీ అప్పుడే చెబుతాను. ఈయన ఊఁ కొడుతూ అడిగినదానికి జవాబు చెబుతుంటారు. మిషను దాని పని అది చేసుకుంటుంది.

శనివారం ఇక ఉండబట్టలేకపోయింది. ఆవిడేం మంత్రం వేస్తోందో చూద్దామని, ఈయన వెళ్ళిన కాసేపటికి కరివేపాకు వంకతో నేనూ మేడెక్కాను. తలుపు తీసే ఉంది.

ఈయన ఒక్కరే ఉన్నారు. కుర్చీకి చేరగిలి, రెండు పాదాలూ నేలకి ఆనించి, చెయ్యి బల్లమీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మొహం ఎంత తేటగా ఉందో. మృదుల ఆ చుట్టుపక్కల్లేదు, వంటింట్లో మొగుడికి క్యారేజీ సర్దుకుంటోంది. చాలాసేపటికి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది, బటన్ నొక్కింది, నిలబడింది. ఒక్క మాట లేదు.

ఆ పిల్లమీద కుళ్ళుకోవడం నాకు తేలికగానే ఉండేది. కానీ ఈయన సుఖంగా ఉన్నది ఆవిడ దగ్గర కాదు, ఎవరూ లేనిచోట. ఖాళీ గదిమీద ఎలా కుళ్ళుకోను? అయినా కుళ్ళుకున్నాను.

"నూట ఇరవై తొమ్మిది బాబాయిగారూ" అని, నన్ను చూసి "రండి పిన్నిగారూ" అంది మృదుల.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనండీ. ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, చూసేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే పెరిగిపోతుందండీ. మా నాన్నగారికి డాక్టరు అలాగే చెప్పారు."

ఈయన కిటికీలోంచి వీధి చూస్తున్నారు. ఏదో దాచినప్పుడు చూసే ఆ చూపు నాకు తెలుసు. మెట్లు దిగేదాకా ఆగి నిలదీశాను.

"ఈ సంగతి మీకు ముందే తెలుసా అండీ?"

"మొదటిరోజే చెప్పిందే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు నాతో చెప్పుకోడానికి దొరికేది ఆ కాసేపేగా. దాన్ని కూడా వద్దని ఎలా అనను? డాక్టరుగారు రెండో మాత్ర ఇస్తే వేసుకుందాంలే అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటికి భయపడి మాత్రలు మింగడానికి సిద్ధపడ్డ మనిషి, ఆ మాట నాతో అనడానికి సిద్ధపడలేదు. మందులతో ఆటలేమిటండీ అని ఆ రోజంతా సాధించాను.

ఆదివారం పొద్దున అన్నీ పద్ధతిగా చేశాను. చొక్కా చెయ్యి పైకి లాగకుండా చొక్కానే విప్పించి పట్టీ చుట్టాను. పాదాలు నేలమీద పెట్టించాను. ఎదురుగా స్టూలు వేసుకుని నోరు కుట్టేసినట్టు కూర్చున్నాను. పనిమనిషి ఆ రోజూ రాలేదు, అది కూడా మింగేశాను. ఐదు నిమిషాలయ్యాక బటన్ నొక్కాను.

నూట అరవై ఆరు.

మాట్లాడినా నేనే, మాట్లాడకపోయినా నేనే. ఏడుపొచ్చింది. ఇక ఆ మేడమీదే కాపురం పెట్టుకోండని అనబోతూ మొహంలోకి చూశాను. నుదుటి మీద చెమట. పట్టీ ఉన్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు.

"ఎవరే?"

"ఎవరేమిటండీ?"

"ఎవరు పోయారు? చెప్పెయ్యవే, ఫరవాలేదు."

"అదేం మాటండీ?"

"మా అమ్మ పోయినరోజు నువ్విలాగే కూర్చున్నావు. ఒంట్లో బాగోలేదట, చూసొద్దామని నన్ను బస్సెక్కించావు. ఆకివీడు దాకా మాట్లాడలేదు, అక్కణ్ణించి ఆటోలో కొల్లేటికోట దాకా మాట్లాడలేదు. నువ్వు నోరు మూసుకుని ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే. ఇవాళ ఎవరు పోయారో చెప్పు."

"ఎవరూ పోలేదండీ. మీ బీపీ కోసం ఊరుకున్నాను."

"ఒట్టు?"

"ఒట్టండీ."

ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలారు. నా మణికట్టు మాత్రం వదల్లేదు. మేడమీద ఆ పిల్ల ఏడాదిపాటు నోరు మూసుకున్నా ఈయనకి కంగారుండదు. ఐదు నిమిషాలు నేను ఊరుకుంటే గుండె ఇలా కొట్టుకుంది. భర్తకి నూట అరవై ఆరు వచ్చినందుకు సంతోషించే ఆడది ఉంటుందా అంటే, ఉంది. సిగ్గూ వేసింది, సంతోషమూ ఆగలేదు.

"కాసేపాగి మళ్ళీ చూద్దువుగాని. ముందు ఏదో ఒకటి మాట్లాడవే" అన్నారు.

మాట్లాడదామని నోరు తెరిచాను. ఏం చెప్పాలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.