ఈశాన్యం మానిటర్

ఇరవై రెండేళ్ళు విజయవాడ వన్ టౌన్‌లో షాపుల బోర్డులు రాశాను. బట్టల కొట్టు, బంగారం కొట్టు, అప్పడాల కొట్టు, ఏ కొట్టు పేరైనా నా బ్రష్ కిందే పుట్టేది. ఖాలిక్ చేత్తో రాసిన బోర్డు కింద బేరాలకి లోటుండదని షావుకార్లే అనేవాళ్ళు. తర్వాత ఫ్లెక్సులొచ్చాయి. ముప్ఫై అడుగుల నాయకుడు అరగంటలో నవ్వుతూ మిషన్‌లోంచి బయటికొస్తుంటే, వారం రోజులు నిచ్చెన మీద నిలబడే మనిషిని ఎవరు పిలుస్తారు?

నలభై నాలుగో ఏట, నా కూతురు మహెక్ ఈడు పిల్లల మధ్య కూర్చుని ఫోటోషాప్ నేర్చుకున్నాను. రామకోటేశ్వరరావు గారి ఆల్బమ్ షాపులో డిజైనర్‌గా చేరాను. పెళ్ళి ఫోటోలు సీడీల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని పేజీలుగా పేర్చి, వెనక తాజ్‌మహలో జలపాతమో పెట్టి, అచ్చు వేసి, పైన ప్లాస్టిక్ పొర అంటించి ఇస్తాం. ఆ పొర అంటించేది వెనక గదిలో. దాన్ని లామినేషన్ సెక్షన్ అంటారు. కిటికీ ఉండదు, జీతం సగం.

రావు గారు స్వతహాగా మంచి మనిషి. కాకపోతే హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చినప్పుడల్లా ఆయనకి జ్వరం లాంటిది తగులుకుంటుంది. రెండువేల ఏడు ప్రాంతంలో అలాగే వెళ్ళి, ఒకే కంప్యూటర్‌కి రెండు మానిటర్లు తగిలించుకుని వచ్చారు. ఎడమ పక్కది పలకలాంటి కొత్త రకం. కుడి పక్కది ఇరవై ఒక్క అంగుళాల పాత రకం, ఇద్దరు పడితే గాని లేవదు. ఎడమ దాంట్లో ఫోటోలు, కుడి దాంట్లో ఆల్బమ్ పేజీ. ఇక్కడి మనిషిని మౌస్‌తో పట్టుకుని అక్కడికి లాగి వదలాలి. పాత కంప్యూటర్లు రెండూ అమ్మేసి, ఈ ఒక్క సీటు ముందు ఇంకో డిజైనర్ చక్రినీ నన్నూ పూటకొకరిని కూర్చోబెట్టారు.

మా కుర్చీ వెనకాల ఒక సోఫా ఉండేది. ఆల్బమ్ కోసం వచ్చిన పార్టీ అక్కడ కూర్చుని మా పని చూస్తుంది. వాళ్ళకు రంగుల సంగతి తెలియదు, పేజీ పొందిక తెలియదు. తెలిసిందల్లా కర్సర్ ఎంత వేగంగా పరిగెత్తుతుందన్నదే. పరిగెత్తితే పనిమంతుడు, నడిస్తే పనికిమాలినవాడు.

చక్రికి ఇరవై మూడేళ్ళు. మణికట్టు ఇట్టే విదిలించేవాడు, పెళ్ళికూతురు ఈ మానిటర్‌లో మాయమై ఆ మానిటర్‌లో తేలేది. సోఫాలో వాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. నాది అలా కాదు. రెండు తెరల మధ్య నా కర్సర్ జాతరలో పిల్ల తప్పిపోయినట్టు తప్పిపోయేది. మౌస్ అటూ ఇటూ ఊపి వెతుక్కునేవాణ్ణి. ఒకసారి సోఫాలోంచి ఒక పెద్దాయన జాలిపడి, "సాయిబు గారూ, అదుగో అక్కడ, పెళ్ళికొడుకు ముక్కు మీదుంది చూడండి," అన్నాడు. రావు గారు విన్నారు.

ఆ సాయంత్రమే మా ఇద్దరినీ పిలిచారు. "చూడు ఖాలిక్ భాయ్, నీ మీద గౌరవం ఉంది. కానీ ఒక్క సీటుకి ఇద్దరు డిజైనర్లని పోషించలేను. శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి. అప్పుడు ఎవరి చెయ్యి వేగంగా ఉంటే వాళ్ళకి సీటు. రెండోవాళ్ళు లామినేషన్‌కి."

ఇంట్లో నా భార్య దిల్షాద్ బేగం పొయ్యి దగ్గరే కూలబడింది. మహెక్ పాలిటెక్నిక్ రెండో ఏడు. సగం జీతంతో ఇంటద్దె కడితే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. ఆ రోజు నుంచి అన్నం తిన్నాక కంచం బోర్లించి, దాని మీద సబ్బుబిళ్ళ పెట్టి, అటూ ఇటూ జరపడం సాధన చేశాను. దిల్షాద్ వారం చూసింది. "మీ చెయ్యి మారటల్లేదు గానీ సబ్బు అరిగిపోతాంది," అంది.

ఈలోగా షాపులో ఈగలు తోలుకుంటున్నాం. ఆ ఏడు అధిక మాసం, మూఢం, ఆషాఢం వరసగా వచ్చిపడ్డాయి. పెళ్ళిళ్ళు లేకపోతే ఆల్బమ్‌లు ఎక్కణ్ణించి వస్తాయి? ఈ మాట కృష్ణా జిల్లాలో సన్నాయి ఊదేవాణ్ణడిగినా చెబుతాడు. రావు గారికి మాత్రం తట్టలేదు. కారు పంపించి చల్లపల్లి వైపు నుంచి వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు.

సిద్ధాంతి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఉత్తరం ముఖంగా ఉన్న మా బల్లనీ, దాని కుడి కొసన కూర్చున్న పెద్ద మానిటర్‌నీ చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"ఈశాన్యంలో బరువా! ఇంకా ఈ కొట్టు తలుపులు తెరుచుకుంటున్నాయంటే మీ పెద్దల పుణ్యం అండీ."

"ఏం చెయ్యమంటారండీ?" అన్నారు రావు గారు.

"ఆ పెద్దది పడమటికి జరపండి. తేలికది తూర్పుకి పెట్టండి. మళ్ళీ నేను చెప్పేదాకా కదపొద్దు."

చక్రీ నేనూ చెరో పక్కా పట్టి మానిటర్ల చోట్లు మార్చాం. సిద్ధాంతి గారు రెండింటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, తాంబూలం పుచ్చుకుని కారెక్కారు.

మర్నాడు పొద్దున చక్రి మౌస్ పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మానిటర్లు జరిగాయి గానీ, జరిగినట్టు కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. పెద్ద మానిటర్ ఇంకా కుడి పక్కనే ఉందని అది అనుకుంటోంది. అందుకని కుడి చేతి మానిటర్‌లో ఉన్న కర్సర్‌ని ఎడమకి తీసుకెళ్ళబోతే మధ్యలో గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. కుడి వైపుకి తోస్తేనే, అటు చివర మాయమై, ఇటు ఎడమ మానిటర్ చివర్లోంచి బయటికొస్తుంది. అంటే ఎడమకి వెళ్ళాలంటే కుడికి వెళ్ళాలి. చక్రి పదిసార్లు విదిలించాడు, పదిసార్లూ గోడకి గుద్దాడు.

మధ్యాహ్నం నా వంతు. భయపడుతూ కూర్చున్నాను. చెయ్యి దానంతటదే కుడికి పోయింది, కర్సర్ ఎడమ నుంచి వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. ఇరవై రెండేళ్ళు షాపుల గాజు తలుపుల మీద లోపలి వైపు నుంచి తిరగేసి అక్షరాలు రాసిన చెయ్యి ఇది. తలకట్టు ఎటుండాలో, కొమ్ము ఎటు తిరగాలో, అన్నీ తారుమారుగా ఆలోచించడం దానికి అలవాటు. సవ్యంగా ఉన్న దారిలో నడవలేనివాణ్ణి అపసవ్యపు దారిలో గుర్రంలా పరిగెత్తాను. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. గంధర్వులు చల్లపల్లి నుంచి కారులో వచ్చారు, అంతే తేడా.

చక్రి తెలివైనవాడు. మర్నాడే సెట్టింగ్స్ తెరిచాడు. అందులో ఒకటి, రెండు అని నంబర్లు వేసిన పెట్టెలుంటాయి. రెండో పెట్టెని ఇటు నుంచి అటు లాగితే చాలు, తెరలు ఎలా ఉన్నాయో కర్సర్ అలాగే నడుస్తుంది. అర నిమిషం పని.

"సార్, ఇది కాస్త జరిపితే సరిపోద్ది," అన్నాడు.

రావు గారు నా వైపు చూశారు. "ఏం ఖాలిక్ భాయ్, జరపొచ్చంటావా?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కనిపించింది మహెక్ కాలేజీ సంచీ. అది అబద్ధానికి సాకు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీ ఇష్టం సార్. సిద్ధాంతి గారు కదపొద్దన్నారు. లోపల పెట్టె కదిపినా కదిపినట్టే కదండీ? నాకెందుకు గానీ, పసుపు కుంకుమ పెట్టిన వస్తువు."

ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి, పసుపు కుంకుమ మీద అంత భక్తి ఎక్కణ్ణించి పుట్టుకొచ్చిందో నాకే ఆశ్చర్యం. రావు గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. "వద్దు చక్రీ! మూసెయ్యి, మూసెయ్యి!"

చక్రి నా మొహంలోకి ఒకసారి చూసి మూసేశాడు.

శ్రావణం వచ్చింది. పెళ్ళిళ్ళు వచ్చాయి, ఆల్బమ్‌లు వరదలా వచ్చిపడ్డాయి. రావు గారు వచ్చిన ప్రతివాడికీ ఈశాన్యం మహిమ వర్ణించి చెప్పారు. శ్రావణం పక్క జిల్లాలకి కూడా వచ్చిందని ఎవరూ ఆయనకి గుర్తు చేయలేదు. నేనైతే అసలే చేయలేదు.

ఆ వారంలోనే గన్నవరం నుంచి పద్మావతమ్మ గారు వచ్చారు, కొడుకు పెళ్ళి ఆల్బమ్‌కి. సోఫా నిండా కూర్చుని, "బాబూ, ఈ ఫోటోలో మా తోడికోడల్ని నా పక్క నుంచి తీసెయ్. మాకు మాటల్లేవు," అన్నారు. సీట్లో ఉన్నది చక్రి. ఆ తోడికోడలిని కత్తిరించి పట్టుకుని, ఎడమ మానిటర్‌లో ఇంకో పేజీకి చేర్చబోయాడు. కంగారులో పాత అలవాటు కొద్దీ ఎడమకే విదిలించాడు. కర్సర్ గోడకి తగిలింది, వేలు జారింది, తోడికోడలు అక్కడే పడిపోయింది. సరిగ్గా పెళ్ళికొడుకు పక్కన, పెళ్ళికూతురిని కప్పేసి.

"ఓరి నాయనో! దాన్ని తీసుకెళ్ళి నా కొడుకు పక్కన నిలబెడతావా?" ఆవిడ సోఫాలోంచి లేచిన ఊపుకి వక్కపొడి డబ్బా ఎగిరి మౌస్ మీద పడింది.

రావు గారు ఆవిడ చేతులు పట్టుకున్నంత పని చేసి, నన్ను కూర్చోబెట్టారు. నేను కుడికి తోసి ఎడమలో తేలి, తోడికోడలిని మూడు పేజీల అవతల భోజనాల బంతిలో కూర్చోబెట్టాను. ఆవిడ శాంతించారు. సాయంత్రానికి చక్రి లామినేషన్ గదిలోకి వెళ్ళాడు. సీటు నాదైంది. ఆ రాత్రి దిల్షాద్ సేమియా వండింది. తిన్నాను గాని, తీపి తెలియలేదు.

రెండు నెలలు గడిచాయి. నా వేగం చూడటానికే జనం వచ్చేవాళ్ళు. వెనక గదిలో ప్లాస్టిక్ చించుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా నేను మౌస్ గట్టిగా నొక్కేవాణ్ణి.

ఒక పొద్దున సిద్ధాంతి గారే వచ్చారు, కూతురి పెళ్ళి ఆల్బమ్‌కి. వియ్యాలవారు ఆ పూటే చూస్తామన్నారట, ఒకటే తొందర. సోఫాలో కూర్చున్నారు. నేను ఆయన కూతుర్ని పట్టుకుని కుడికి తోశాను, ఎడమ నుంచి తీశాను. నాలుగుసార్లు చూసి ఆయన కళ్ళు నులుముకున్నారు.

"ఇదేం తిప్పుడయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇటు వెళ్ళాల్సిన పిల్ల అటెందుకు పోతోంది? సరిచేయించుకోవచ్చు కదా."

రావు గారు చేతులు కట్టుకున్నారు. "మీరే కదండీ కదపొద్దన్నారు."

"బరువు కదపొద్దన్నాను. లోపలి బొమ్మల సంగతి నేనెప్పుడన్నాను? కంప్యూటర్ కడుపులో ఏముందో నాకేం తెలుసండీ?"

"అది... ఖాలిక్ భాయ్..." అంటూ రావు గారు నా వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అప్పటికే తల దించుకున్నాను. ఆయన చక్రిని కేకేశారు.

చక్రి వేళ్ళకి జిగురు అంటుకుని ఉంది. లుంగీ గుడ్డతో తుడుచుకుని వంగి, సెట్టింగ్స్ తెరిచి, పెట్టె జరిపి వెళ్ళబోయాడు. అర నిమిషం కూడా పట్టలేదు.

నేను మౌస్ పట్టుకున్నాను. సిద్ధాంతి గారి అమ్మాయిని ఎడమకి తీసుకెళ్ళాలి. చెయ్యి కుడికి పోయింది. కర్సర్ కుడి అంచుకి గుద్దుకుని అక్కడే నిలబడింది. మళ్ళీ అంతే, మళ్ళీ అంతే. చెమటలు పట్టాయి.

"చక్రీ, నువ్వు కూర్చో," అన్నారు రావు గారు.

"వద్దులెండి సార్. ఖాలిక్ భాయ్‌నే కూర్చోనివ్వండి. రెండ్రోజులు కష్టంగా ఉంటది, తర్వాత అలవాటైపోద్ది. నాకు లామినేషన్ అలవాటు కాలేదా?"

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. కుర్చీలోంచి లేచాను.

"కూర్చో చక్రీ. నిన్ను లేపడానికే ఆ రోజు ఆ మాటన్నాను. పసుపూ కాదు, కుంకుమా కాదు."

"తెలుసు భాయ్," అన్నాడు చక్రి. "ఆ రోజే తెలుసు."

 సిద్ధాంతి గారు గడియారం చూసుకున్నారు.

"ఎవరో ఒకరు కూర్చోండయ్యా బాబూ, రాహుకాలం వచ్చేస్తోంది!"

చక్రి కూర్చున్నాడు. నేను వెనక గదిలోకి వెళ్ళి ప్లాస్టిక్ చుట్ట విప్పాను.