ఒడ్డున తెల్లగోడ

ఎల్లారావు ఆ గోడను కావాలనే నాలుగు బారలు పక్కకు జరిపి కట్టాడు. తాపీ పట్టిన చెయ్యి పొరపాటు పడలేదు, కడుపులో మంట చెప్పినట్టే నడిచింది.

పాత చర్చి ముందుగోడ అతని తండ్రి కట్టింది. ఆ చేపల పల్లెలో ముసలాయన ఉపదేశి. ఆదివారాలు ప్రార్థన చెప్పేవాడు, ఏటా క్రిస్మస్‌కి గోడకు సున్నం కొట్టేవాడు. సముద్రంలోంచి వచ్చేవాళ్లకు ఆ తెల్లగోడా, వెనక కొండ మీది ఒంటి తాడిచెట్టూ ఒకే వరసలో కనబడితే రాళ్ల మధ్య దారి దొరికినట్టే. మొక్కేది నూకాలమ్మకే అయినా ఊళ్లో ప్రతి తెప్పా ఆ గోడను చూసుకునే ఒడ్డెక్కేది.

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది, ఊరంతా దీపాలు ఆర్పమన్నారు. చర్చిలోంచి శత్రువుల ఓడకు దీపం చూపిస్తున్నారని కులపెద్ద కన్నబాబు పుకారు లేవదీశాడు. ఏ ఒక్కరూ కళ్లతో చూడని దీపం అది. మర్నాడే అతనూ, అతని ఇద్దరు తమ్ముళ్లూ గునపాలతో వచ్చి చర్చిని నేలమట్టం చేశారు. అడ్డుపడిన ముసలాయన్ని చావగొట్టారు. మంచాన పడి మూలిగి మూలిగి, యుద్ధం ముగిసిన రోజే ఆయనా పోయాడు.

గోడ పోయాక గురుతు లేదు. తెప్పలు పక్క ఊళ్లో దిగాలి, తడిసిన వలలు నెత్తిన మోసుకుని నడవాలి. మూడు నెలలకే కన్నబాబుకు మెడ పట్టేసింది. పశ్చాత్తాపం కాదు, మెడనొప్పి! పట్నంలో, వన్ టౌన్‌లో తాపీపని చేసుకునే ఎల్లారావును వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ గుడి మీరు కట్టీసుకోండ్రా. నాను అడ్డు రాను. గోడ మటుకు తెల్లగుండాల," అన్నాడు. చచ్చిపోయిన మనిషి మాట ఒక్కటీ ఎత్తలేదు.

ఎల్లారావు తలూపాడు. పాత పునాది కుంగిందని చెప్పి పక్కన కొత్త పునాదికి ముగ్గు పోసి, ముందుగోడ లేపాడు. ఒడ్డున నిలబడి చూసేవాడికి ఆ తేడా తెలియదు. సముద్రంలోంచి చూసి వరస పట్టుకున్నవాడు మాత్రం నేరుగా రాళ్ల మీదికే వస్తాడు. అందరికంటే ముందు ఒడ్డెక్కేది ఎప్పుడూ కులపెద్ద తెప్పే.

సున్నం కొట్టిన రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. దూరాన కన్నబాబు తెరచాప కనిపించింది. తెప్ప మీద అన్నదమ్ములు ముగ్గురూ ఉన్నారు. ఎల్లారావు ఇసుకలో చతికిలబడ్డాడు. ఇన్నాళ్లకు అతనికి ప్రాణం హాయిగా ఉంది.

తల్లి పోతమ్మ వచ్చి గోడను చూసింది, వెనక తాడిచెట్టును చూసింది. నలభై ఏళ్లు మొగుడితో కలిసి సున్నం కొట్టిన మనిషి.

"కావాలనే సేసినావేట్రా?"

"అవునే అమ్మా. సావనీ ఆడ్ని."

"సస్తే ఏటవుద్ది? ఒక్క పూటలో అయిపోద్ది. దినం సేసి, మంచోడనీస్తారు." ఆమె మొహంలో జాలి మచ్చుకైనా లేదు. "ఆడు బతకాల. రోజూ సంద్రంలోంచి మీ అయ్య గోడెక్కడుందోనని కళ్లు పొడుసుకోని ఎతకాల. ఆడి కొడుకులూ ఎతకాల. లెగు!"

తన పగ ఎంత చిన్నదో ఎల్లారావుకు అప్పుడు తెలిసింది. పరుగున వెళ్లి బురద తెచ్చి తెల్లగోడంతా పులిమేశాడు. పాత పునాది మీద ఇద్దరూ రెండు వెదుళ్లకు తెల్ల దుప్పటి కట్టి ఎత్తి పట్టుకున్నారు. తెప్ప ఆఖరు క్షణంలో తల తిప్పుకుంది. రాళ్లను ఒరుసుకుంటూ ఒడ్డెక్కింది.

కన్నబాబు తెప్ప దిగి వచ్చాడు. దుప్పటినీ, బురద గోడనూ మార్చి మార్చి చూశాడు. సంగతంతా అర్థమైంది.

"రేపు ఈ గోడ తీసీసి పాత సోట కడతాం," అంది పోతమ్మ. "గునపం అట్టుకురా. పడగొట్టడం నీకు బాగా వొచ్చు గదా."

మర్నాడు అన్నదమ్ములు ముగ్గురూ గునపాలతో వచ్చారు.

ఆపైన ఏటా క్రిస్మస్‌కి సున్నం కుండ మోసుకొచ్చేది కన్నబాబే. ఎంత కొట్టినా పోతమ్మ గోడ నీడన కూర్చుని, "తెల్లగా నేదు, మల్లీ కొట్టు," అనేది. అతను మళ్లీ కొట్టేవాడు.